బంతి వదిలి బాగుపడ్డాడట!

మనవాళ్ళ సమావేశాల్లో ఈమధ్య ఒక కథ చెలామణీ అవుతోంది. చెప్పేవాళ్ళు పెద్దలు, వినవలసినవాళ్ళు పిల్లలు. బ్రెజిల్‌లో టోస్టావో అని ఒక ఫుట్‌బాల్ ఆటగాడు ఉండేవాడట. పెలే పక్కన ఆడాడట. ప్రపంచ కప్పు గెలిచాడట. అంత పేరు వచ్చాక కూడా, ఆటలో ఏముందిలే అని జ్ఞానోదయమై, బంతి వదిలి, వైద్యం చదివి, డాక్టరై బాగుపడ్డాడట. "చూశావా నాన్నా, ప్రపంచ కప్పు గెలిచినవాడికే చివరికి చదువు దిక్కయింది, ఇక నీ సంగతేమిటి?" అని దానికొక ముక్తాయింపు. పిల్లవాడు తల ఊపుతాడు. తల్లి పకోడీల పళ్ళెం ముందుకు జరుపుతుంది. అంతటితో కథ కంచికి, మనం ఇంటికి.

ఈ కథ మీద మాకు అభ్యంతరం ఉంది. కబుర్ల వరకే అయితే ఊరుకుందుము. కాని శనివారం తెలుగు బడి అయిన తర్వాత పిల్లలు ఆడుకోవడానికి మన సంఘం కడుతున్న మైదానం అద్దె మానేసి, ఆ సొమ్ముతో గ్రామర్ స్కూలు ప్రవేశ పరీక్షకు ట్యూషన్లు పెట్టించాలని ఒక ప్రతిపాదన సర్వసభ్య సమావేశానికి రాబోతున్నది. దాని పీఠికలో టోస్టావో పేరు ఉదహరించారు. అందుకని ఆ మనిషి సంగతి కాస్త వివరంగా చెప్పుకోక తప్పదు. ప్రతిపాదన తెచ్చినవారు మా మిత్రులే. వారి మీద మాకు కోపం లేదు. వారి కథ మీదే.

అసలు పేరు ఎడ్వార్డో గొన్సాల్వెస్ ద అంద్రాదె. 1947 జనవరి 25న బ్రెజిల్‌లోని బెలో హొరిజోంటె నగరంలో పుట్టాడు. టోస్టావో అంటే చిన్న నాణెం, మన కాణీ లాంటిది. తనకంటె పెద్దవాళ్ళతో కలిసి ఆడే బుడతడికి వాళ్ళు పెట్టిన ముద్దుపేరు. పూటకు గతిలేని కుటుంబమేమీ కాదు, మన ఇళ్ళలాంటి మధ్యతరగతి ఇల్లే. బ్రెజిల్ ఆటగాడు అనగానే మురికివాడ, చింకిపాత చుట్టిన బంతి మనవాళ్ళకు కళ్ళముందు కదులుతాయి. ఆ బొమ్మ ఇక్కడ పనికిరాదు.

ఊళ్ళో క్రూజేరో అనే క్లబ్బులో పదహారేళ్ళకే చేరాడు. ఆ క్లబ్బు చరిత్రలో ఇప్పటికీ అందరికంటె ఎక్కువ గోల్స్ చేసినవాడు అతనే. అప్పట్లో బ్రెజిల్‌లో ఫుట్‌బాల్ అంటే రియో, సావో పావ్‌లో నగరాల సొత్తు. పెలే ఆడే శాంటోస్ జట్టు 1961 నుంచి 1965 దాకా వరుసగా అయిదేళ్ళు దేశపు కప్పు ఎగరేసుకుపోయింది. 1966 నవంబరులో ఈ బెలో హొరిజోంటె కుర్రాళ్ళు ఆ శాంటోస్‌ను తమ ఊళ్ళో 6-2 తేడాతో ఓడించారు. విరామ సమయానికే 5-0. వారం తర్వాత సావో పావ్‌లోలో జరిగిన రెండవ ఆటలో శాంటోస్ వాళ్ళు ముందు రెండు గోల్స్ కొట్టారు. టోస్టావో ఒక పెనాల్టీ పోగొట్టాడు కూడా. తర్వాత ఫ్రీకిక్కుతో గోలు చేసినవాడూ అతనే. చివరికి 3-2తో క్రూజేరో గెలిచింది. అప్పటికి అతనికి పందొమ్మిదేళ్ళు. మన పిల్లలు ఎ లెవెల్సు ఫలితాల కోసం గోళ్ళు కొరుక్కునే వయస్సుకు కాస్త అటూ ఇటూ.

అదే సంవత్సరం జులైలో ఈ కుర్రవాడు ఈ దేశంలోనే ఆడాడు. లివర్‌పూల్ గూడిసన్ పార్కులో, హంగరీ మీద, గాయపడిన పెలే లేని జట్టులో. బ్రెజిల్ 3-1తో ఓడింది. ఆ ఒక్క గోలు టోస్టావోది. అప్పుడే ఇక్కడి ఆసుపత్రుల్లో ఉద్యోగాల్లో చేరిన మన తొలితరం డాక్టర్లు నైట్ డ్యూటీల మధ్య ఆ పేరు రేడియోలో వినే ఉంటారు. విని మరచిపోయి ఉంటారు, అది వేరే సంగతి.

ఇక కంటి సంగతి. మన కథకులు దాటవేసేది దీన్నే.

1969 ఆగస్టులో ప్రపంచ కప్పు అర్హత పోటీలు జరిగాయి. బ్రెజిల్ ఆరు ఆటలూ గెలిచి 23 గోల్స్ చేసింది. అందులో పది టోస్టావోవి, పెలే కంటె ఎక్కువ. నెల తిరిగేసరికి, సెప్టెంబరులో, కొరింథియన్స్ క్లబ్బుతో ఆడుతుండగా ఒక డిఫెండరు బలంగా తన్నిన బంతి దగ్గరినుంచే వచ్చి అతని ముఖానికి తగిలింది. ఎడమ కంటి రెటీనా ఊడింది. మన పాఠకుల్లో కంటి వైద్యులు ఉన్నారు. అంటే ఏమిటో, ఆ రోజుల్లో దానికి చికిత్స ఎంత సాహసమో వారికి మేము చెప్పనక్కరలేదు. అతన్ని అమెరికాకు, టెక్సాస్‌లోని హూస్టన్‌కు తీసుకువెళ్ళారు. అక్కడ ఆపరేషన్ చేసింది ఎవరనుకున్నారు? బ్రెజిల్ నుంచి వెళ్ళి ఆ దేశంలో పనిచేస్తున్న డాక్టరు. మనలాంటి పరదేశి. మరుసటి ఏడు గెలిచిన ప్రపంచ కప్పు పతకాన్ని టోస్టావో తీసుకువెళ్ళి ఆ డాక్టరుగారికే ఇచ్చేశాడు. వలసవచ్చిన వైద్యుల గొప్పదనం పిల్లలకు చెప్పాలంటే ఈ ముక్క చెప్పండి. ఇదైతే నిజం.

ఆపరేషన్ తర్వాత నెలల తరబడి బంతి ముట్టరాదన్నారు. మెక్సికోకు వెళ్తాడా లేదా అన్నది తేలలేదు. ఈలోగా 1970 మార్చిలో కోచి సల్డాన్యాను తీసివేసి జాగాలోను పెట్టారు. కొత్త కోచికి వచ్చిన చిక్కు ఏమిటంటే, పెలే, టోస్టావో ఇద్దరూ తమ తమ క్లబ్బుల్లో దాదాపు ఒకే చోట ఆడేవాళ్ళు. ఒక ఒరలో రెండు కత్తులు ఇముడుతాయా? ఆయనకు మొదట నమ్మకం లేదు. మరి ముందు నిలబడే సెంటర్ ఫార్వర్డు ఎవరు? టోస్టావో ఆ స్థానానికి తగ్గట్టు తన ఆటనే మార్చుకున్నాడు. మనిషి పొడగరి కాడు, తలతో గోల్స్ కొట్టే రకం కాడు, డిఫెండర్లను గుద్దుకుంటూ వెళ్ళే బలమూ లేదు, పైగా ఒక కన్ను అనుమానం. అందుకని అతను వాళ్ళకు వీపు పెట్టి నిలబడి, వచ్చిన బంతిని ఒకటి రెండు తాకుళ్ళలో పెలేకో జైర్జిన్యోకో జెర్సన్‌కో అందించి, తాను పక్కకు తప్పుకుని, తన వెంటవచ్చిన డిఫెండరు ఖాళీ చేసిన చోటును తోటివాళ్ళకు వదిలిపెట్టేవాడు. అతని పని గోలు కొట్టడం కంటె గోలు పడే చోటు తయారుచేయడం. ఆ ప్రపంచ కప్పులో ఆరు ఆటలూ ఆడి అతను చేసినవి రెండే గోల్స్, రెండూ పెరూ మీదే. అంకెలు మాత్రమే చూసేవాడికి ఇతనెందుకు గొప్పవాడో అర్థం కాదు. మనమేమో అంకెలు చూసే జాతిమి. మార్కులు, పర్సెంటేజీలు, ర్యాంకులు.

ఈ దేశంలో స్థిరపడ్డాం కనుక 1970 జూన్ 7వ తేదీ గ్వాడలహారాలో ఇంగ్లండుతో జరిగిన ఆట గురించి అందరం వినే ఉంటాం. గోర్డన్ బ్యాంక్స్ పెలే తలతో కొట్టిన బంతిని ఎలా ఆపాడో, ఆట అయ్యాక బాబీ మూర్, పెలే చొక్కాలు ఎలా మార్చుకున్నారో ఇక్కడి టెలివిజన్‌వాళ్ళు వందలసార్లు చూపించారు. అయితే ఆ ఆట బ్రెజిల్ గెలిచింది, 1-0తో. ఆ ఒక్క గోలు ఎలా పడిందో ఎంతమందికి జ్ఞాపకం? ఎడమవైపు టోస్టావోకు బంతి అందింది. చుట్టూ ముగ్గురు ఇంగ్లీషువాళ్ళు. అందులో ఒకరు బాబీ మూర్, ఆనాటికి ప్రపంచంలోకెల్లా తెలివైన డిఫెండరు. ఆ మూర్ కాళ్ళ సందులోంచే బంతిని పోనిచ్చాడు. దారి మూసుకుపోయేసరికి గిర్రున వెనక్కి తిరిగి, తనకు అలవాటు లేని కుడికాలితో, సరిగా చూసే వ్యవధి కూడా లేకుండా, గోలు ముందుకు బంతిని ఎత్తి వేశాడు. పెలే ఆపాడు, పక్కకు జరిపాడు, జైర్జిన్యో కొట్టాడు. కొద్ది నిమిషాల తర్వాత టోస్టావోను బయటికి పిలిచి రాబర్టోను దింపారు. కథలో అతని పేరు కూడా అలాగే బయటికి పోయింది.

ఫైనల్లో, జూన్ 21న, మెక్సికో నగరంలో, ఇటలీ మీద నాలుగవ గోలు కార్లోస్ అల్బెర్తో కొట్టాడు. ఫుట్‌బాల్ తెలియనివాళ్ళు కూడా ఆ గోలు చూసి ఉంటారు. క్లొడోవాల్డో నలుగురిని వరుసగా దాటిపోవడం, పెలే చూడకుండానే బంతిని పక్కకు దొర్లించడం, వెనకనుంచి కెప్టెన్ రైలులా రావడం. ఆ గోలుకు మొదలు ఎక్కడ? బంతి ఇటలీవాళ్ళ దగ్గర ఉంది. సెంటర్ ఫార్వర్డు అనబడే టోస్టావో, సముద్రమట్టానికి రెండువేల మీటర్ల పైన ఊపిరాడని ఊళ్ళో, 86వ నిమిషంలో, తన గోలు దరిదాపుల్లోకి ఎడమ బ్యాకు ఉండవలసిన చోటికి దిగివచ్చి ఆ బంతిని దక్కించుకున్నాడు. అప్పటికి 3-1తో గెలిచే ఉన్నారు. ఆ పరుగు పెట్టకపోయినా ఎవరూ ఏమీ అనరు. ఇది "ఆడుకోవడం" అని మనం తేలిగ్గా కొట్టిపారేసే పనా? ఎవడు ఎక్కడ ఉన్నాడు, మరు క్షణంలో ఎక్కడ ఉంటాడు, నేను ఇక్కడినుంచి కదిలితే ఎవడు కదులుతాడు అని క్షణక్షణం లెక్కగట్టే బుర్రను ఏమంటారు? మన ఇళ్ళలో చదరంగం ఆడే పిల్లవాణ్ణి మేధావి అంటాం. అదే లెక్క పరుగెత్తుతూ చేసేవాణ్ణి అల్లరివెధవ అంటాం.

"అది వాళ్ళ రక్తంలో ఉందండీ, మనకెక్కడిది?" అనేవారికి ఒక మాట. 1970 జట్టు రక్తం నమ్ముకుని మెక్సికో వెళ్ళలేదు. ఎంతో ముందుగా వెళ్ళి, ఎత్తు ప్రదేశంలో మకాం పెట్టి, ఊపిరితిత్తుల సామర్థ్యం కొలిచే పరీక్షలతో కసరత్తు చేసి మరీ ఆడింది. దాని వెనక శాస్త్రం ఉంది, కాగితం పెన్సిలు ఉన్నాయి. రక్తం మాట తెల్లదొరలు మన గురించి అంటే ఒంటికాలి మీద లేస్తాం కదా, బ్రెజిల్‌వాళ్ళ గురించి మనం అనవచ్చునా?

పోనీ, మన రక్తంలో లేదన్నదైనా నిజమా? 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చిన భారత జట్టుకు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదులో బడిపంతులు! ఆ జట్టులో ముందువరస ఆటగాడు తులసీదాస్ బలరాం మన సికిందరాబాదు పక్క అమ్ముగూడలో పుట్టినవాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో అతనూ హంగరీ మీద ఒక గోలు, పెరూ మీద ఒక గోలు చేశాడు. 1963లో ఊపిరితిత్తుల జబ్బుతో ఇరవైల్లోనే బూట్లు విప్పేశాడు. దాదాపు టోస్టావో విప్పిన వయస్సే. 2023లో కలకత్తాలో కన్నుమూశాడు. టోస్టావో పేరును ప్రతిపాదన కాగితం ఎక్కించిన మనకు బలరాం పేరు తెలియదు, డాక్టరు కాలేదు కాబోలు.

మళ్ళీ బ్రెజిల్‌కు వద్దాం. 1972లో టోస్టావోను రియోలోని వాస్కో డ గామా క్లబ్బు భారీ ధర పెట్టి కొన్నది. (అవును, మన కోళికోడులో దిగిన ఆ పెద్దమనిషి పేరే.) ఏడాది తిరగకముందే కన్ను మళ్ళీ మొరాయించింది. ఆడితే చూపు పోతుందని వైద్యులు చెప్పేశారు. 1973లో, 26 ఏళ్ళకు, ఆట ఆగిపోయింది. వదిలాడు అంటున్నారే, వదలడానికీ ఊడలాక్కోవడానికీ తేడా లేదా? కాలు విరిగి నాట్యం మానేసిన అమ్మాయిని "చూడండి, నాట్యం వ్యర్థమని తెలుసుకుంది" అంటే వినేవాళ్ళు ఏమంటారు?

తర్వాత చదివాడు, నిజమే. దేశమంతా ముఖం తెలిసిన మనిషి తనకంటె చిన్నవాళ్ళ పక్కన బెంచీ మీద కూర్చుని, 1981లో మినాస్ జెరాయిస్ ఫెడరల్ విశ్వవిద్యాలయంలో వైద్యపట్టా తీసుకున్నాడు. రోగులను చూశాడు, వైద్యవిద్యార్థులకు పాఠాలు చెప్పాడు. చాలా ఏళ్ళు ఫుట్‌బాల్ జోలికి, పత్రికలవాళ్ళ జోలికి పోలేదు. ఇందులో మెచ్చుకోవలసింది చాలా ఉంది. మేమూ మెచ్చుకుంటున్నాము.

మనవాళ్ళ కథ సరిగ్గా ఇక్కడ ఆగుతుంది, 1981లో. ఇక్కడ ఆపడమే అసలు మోసం. ఎందుకంటే 1990ల్లో టోస్టావో ఏం చేశాడో తెలుసా? వైద్యం వదిలేశాడు! వదిలేసి ఫుట్‌బాల్‌కు తిరిగి వచ్చాడు. మొదట ప్రపంచ కప్పు ఆటలకు వ్యాఖ్యాతగా, ఆ తర్వాత పత్రికల్లో శీర్షికా రచయితగా. సావో పావ్‌లోలోని పెద్ద దినపత్రిక ఫోల్యాలో ఏళ్ళ తరబడి ఆట గురించి రాశాడు. ఎవడిని ఎవడు కొన్నాడన్న గొడవ కంటె, ఆట ఎలా ఆలోచించాలో రాసేవాడని పేరు. మొదటిసారి బంతిని వదలడం అతని చేతిలో లేదు, కన్ను నిర్ణయించింది. రెండవసారి స్టెతస్కోపు పక్కన పెట్టింది మాత్రం పూర్తిగా అతని ఇష్టం. ఏది ఇష్టపడి చేశాడో అది మన కథలో లేదు, ఏది విధిలేక చేశాడో అది నీతిపాఠమైంది.

డబ్బు మాట అంటారా? 2014 ప్రపంచ కప్పు బ్రెజిల్‌లో జరుగుతుందనగా, 1958, 1962, 1970 విజేతలకు తలా లక్ష రెయాలు ఇవ్వాలని ప్రభుత్వం చట్టం చేసింది. ప్రజల సొమ్ము ఇందుకు కాదని టోస్టావో తనకు వద్దన్నాడు. ఈ ముక్కా మన పెద్దలు చెప్పరు.

అలాగని తల్లిదండ్రుల భయం ఉత్తదే అని మేము అనడం లేదు. అదే బ్రెజిల్‌లో, రెండు ప్రపంచ కప్పులు గెలిపించిన గారించా తాగుడుతో, లేమితో 1983లో 49 ఏళ్ళకు పోయాడు. ఆటను నమ్ముకుని వీధినపడ్డవాళ్ళు ఏ దేశంలోనైనా ఉంటారు. మనం సూట్‌కేసు ఒకటి, సర్టిఫికెట్ల ఫైలు ఒకటి పట్టుకుని ఈ దేశంలో దిగినవాళ్ళం, ఆ ఫైలే మనకు అన్నం పెట్టింది. మన పిల్లలకూ ఒక ఫైలు ఉండాలనుకోవడం తప్పు కాదు. ప్రవేశ పరీక్షకు ట్యూషన్లు పెట్టుకోండి, మేము కాదనం. ఇంటింటా జరుగుతున్నవే, మనలో సగంమంది ఇళ్ళలో బుధవారం ఒకటి, ఆదివారం రెండు. వారంలో మిగిలిన ఆ ఒక్క గంటన్నర మీద కన్ను వేయడమే మాకు మింగుడుపడడం లేదు.

ఇంకొక వర్గం ఉంది, మధ్యేమార్గం పెద్దలు. "ఆటలు ఉండాలండీ, ఆరోగ్యానికి మంచిది, చదువు మీద ధ్యాస పెరుగుతుంది" అంటారు. వినడానికి మన పక్షమే. కాని వీరి వాదంతో మాకు మరింత ఇబ్బంది. ఆటను టానిక్కు చేసి, పూటకొక చెంచా చొప్పున పట్టిస్తారు. పరీక్షలు దగ్గరపడితే చెంచా ఆపేస్తారు. బాగా ఆడగలిగిన పిల్ల ఇంకా బాగా ఆడాలని పంతం పట్టిందో, వెంటనే "అతి అయింది" అంటారు. మన శనివారం జట్టులో పదమూడేళ్ళ అమ్మాయి ఒకతె ఉండేది. తలెత్తి మైదానమంతా చూసి బంతి ఇచ్చేది. మగపిల్లలు ఆమె పక్షాన ఆడడానికి పోటీపడేవారు. ఇప్పుడు రావడం లేదు. ఎందుకని మేము అడగలేదు, అడిగినా ఏం చెబుతారో తెలుసు కనుక.

ఇక చేయవలసింది. సర్వసభ్య సమావేశంలో మేము రెండు సవరణలు పెడుతున్నాము. మొదటిది, మైదానం అద్దె ఉన్నది ఉన్నట్టు కొనసాగాలి. ట్యూషన్లు కావలసినవారు వేరే చందా వేసుకోవచ్చు. రెండవది, ప్రతిపాదన నెగ్గినా ఓడినా దాని పీఠికలోంచి టోస్టావో పేరు కొట్టివేయాలి. రెండవదానికి కొందరు నవ్వుతారని తెలుసు. నవ్వనివ్వండి. ఉంచి తీరాలంటే 1981 దగ్గర ఆపకుండా పూర్తిగా రాసి ఉంచమంటాం.

సవరణల కాగితం మీద కనీసం పదిమంది సభ్యుల సంతకాలు కావాలి. ఇప్పటికి ఆరు వచ్చాయి. వచ్చే శనివారం తెలుగు బడి వదిలే వేళకు మేము మైదానం గేటు దగ్గరే ఉంటాము. పెన్ను మేమే తెస్తాము.